చెరకు తోటలు, ఆడవారి నడుము నొప్పి, చేతి వైద్యం

మన పూర్వులు మారిషస్ దీవికి వచ్చిన కథ ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాస్' ఓడలో 36 మంది కూలీలు పోర్ట్ లూయీ రేవు చేరడంతో ఒప్పంద కూలీల శకం మొదలయింది. ఆ తరువాత ఏడెనిమిది దశాబ్దాలలో నాలుగున్నర లక్షల మంది వరకు వచ్చారు. వారిలో తెలుగు జిల్లాల నుంచి వచ్చిన మనవారిని కోరంగి రేవు పేరు మీద 'కోరంగీలు' అని పిలిచేవారు. వారు భాషను ఎలా నిలుపుకొన్నారో, రామభజనను, సింహాద్రి అప్పన్న పూజను ఎలా కాపాడుకొన్నారో చెప్పినవారు చాలామంది ఉన్నారు. ఆ తోటలలో పనిచేసిన ఆడవారి ఒంటి బాధలను గురించి చెప్పినవారు తక్కువ. నెలనెలా బహిష్టు దినాలలో వచ్చే నడుము నొప్పిని గురించి చెప్పినవారు మరీ తక్కువ.

ఇది కూడా చరిత్రేనా అని కొందరు పెద్దలు అడగవచ్చును. చరిత్రే అని మా అభిప్రాయం. ఒక నొప్పిని ఎవరు లెక్కలో వేశారు, ఎవరు వేయలేదు, ఎవరి చేయి దానిని తగ్గించింది అనే ప్రశ్నలలో మన అమ్మమ్మల, నాయనమ్మల బ్రతుకు ఉన్నది. అంతేకాదు, ఆ నొప్పిని ఈనాడు కూడా మన ఆడపిల్లలు పడుతున్నారు.

లెక్కలో చేరని నొప్పి

మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో మన పూర్వుల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, వయస్సు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, ఎక్కిన ఓడ, పంపిన ఎస్టేటు, అన్నీ అందులో వ్రాశారు. మనిషిని గుర్తు పట్టడానికి, పారిపోతే పట్టుకోవడానికి ఆ వివరాలు చాలును. ఆ మనిషి ఒంట్లో ఏమి జరుగుతున్నదో ఆ రిజిస్టరుకు అక్కరలేదు.

ఆనాటి కూలీ చట్టంలో అందరికన్న ఎక్కువ బాధించినది 'డబుల్ కట్' అనే పద్ధతి. అనుమతి లేకుండా ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. రాని రోజు కూలి ఎలాగూ లేదు. దానిపై మరొక రోజు కూలి జరిమానా. నెలకు అయిదు రూపాయల జీతంతో మొదలయిన ఒప్పందాలలో ఈ కోత ఎంత దెబ్బో వేరే చెప్పనక్కరలేదు. ఆడవారిలో చాలామంది భర్తల వెంట వచ్చినవారే గాని స్వయంగా ఒప్పందం వ్రాసి ఇచ్చినవారు కారు. అయినప్పటికీ కలుపు తీయడానికీ, ఎరువు వేయడానికీ, కోత కాలంలో చెరకు మోయడానికీ వారు దినకూలికి వెళ్ళేవారు. దినకూలికి సెలవు లేదు. పని చేయని రోజు కూలి లేదు. ఒప్పందం క్రింద ఉన్న స్త్రీకి కోత, ఒప్పందం లేని స్త్రీకి పస్తు. నెలనొప్పికి రెండు చోట్లా చోటు లేదు.

జబ్బుపడిన కూలీకి ఎస్టేటు ఆసుపత్రి ఉండాలని చట్టం ఉన్నది. ఆ ఆసుపత్రుల సంగతి ఎలా ఉన్నదో తరువాత బయటపడింది. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే దొర పాత కూలీల చేత 9,401 సంతకాలు, గుర్తులు పెట్టించి అర్జీ పంపించాడు. దాని ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ వచ్చి, కోతలను, పాసులను, ఆసుపత్రుల లోపాలను విచారించి 1875లో పెద్ద నివేదిక ఇచ్చింది. ఏ ఆడపిల్ల అయినా అటువంటి ఆసుపత్రికి పోయి, పరాయి మగవారి ముందు, రాని భాషలో, 'నాకు నెలసరి, నడుము విరిగిపోతున్నది' అని చెప్పుకొని ఉంటుందా? అది మేము ఊహించలేము. ఆ మాట క్యాంపు గడప దాటలేదు.

అదే కాలంలో సముద్రానికి ఆవల జరిగిన ఒక వాదాన్ని ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. 1873లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎడ్వర్డ్ క్లార్క్ అనే వైద్యుడు ఒక పుస్తకం వ్రాశాడు. బహిష్టు దినాలలో మెదడుకు శ్రమ ఇస్తే ఆడపిల్లల ఆరోగ్యం చెడుతుందనీ, మగపిల్లలతో సమానంగా చదివించరాదనీ అతని వాదం. దానికి మేరీ పట్నం జకోబీ అనే వైద్యురాలు జవాబిచ్చింది. ఆమె స్త్రీలను ప్రశ్నలడిగి, నాడిని, బలాన్ని కొలిచి, ఆ దినాలలో అందరికీ విశ్రాంతి తప్పనిసరి కాదని నిరూపించింది. 1876లో ఆ వ్యాసానికే హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి బోయిల్‌స్టన్ బహుమతి వచ్చింది. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ధనవంతుల పిల్ల పుస్తకం పట్టుకోవడం ప్రమాదమా అని అక్కడ పండితులు తర్కించుకొంటున్న ఆ సంవత్సరాలలోనే ఇక్కడ కమిషన్ వారు కూలీల కోతలు లెక్కబెడుతున్నారు. చెరకు తోటలో నడుము వంచి కలుపు తీస్తున్న పిల్లకు విశ్రాంతి కావాలా అని ఆ వాదంలో ఎవరూ అడగలేదు.

పొలానికి పనికివచ్చి, దీపానికి పనికిరాక

మన ఆచారాన్ని కూడా ఇక్కడ దాచకుండా చెప్పుకోవాలి. బహిష్టు అయిన స్త్రీ మూడు దినాలు 'బయట చేరడం' మన పూర్వుల ఊళ్ళలో ఉన్న పద్ధతి. ఆమె పొయ్యి దగ్గరకు రాదు, నీళ్ళ కుండ ముట్టదు, దేవుని గదిలోకి పోదు. ఆ పద్ధతిలో అవమానం ఉన్నది. అయితే దంపుడు, రుబ్బుడు, వంట లేని మూడు రోజులు అలసిన ఒంటికి కొంత విశ్రాంతి ఇచ్చి ఉండవచ్చును.

తోటకు వచ్చిన తరువాత ఆచారంలో సగమే మిగిలింది. సర్దారు పిలిస్తే ఆమె తోటకు పోవలసిందే. విశ్రాంతి పోయింది, అంటు మాత్రం నిలిచింది. పొద్దుటినుంచి సాయంకాలం దాకా చెరకు మధ్య పనిచేసి వచ్చిన స్త్రీ ఇంట్లో దీపం వెలిగించడానికి పనికిరాదు, భజన దగ్గర కూర్చోవడానికి పనికిరాదు. దొర లెక్కలో ఆమె మనిషి కాదు, చేతుల జత. ఇంటి లెక్కలో ఆ మూడు రోజులూ ఆమె మైల. నొప్పి పడుతున్న మనిషిగా ఆమెను చూసినవారు ఎవరంటే, ఇంట్లోని మరొక ఆడమనిషి.

అమ్మమ్మ చేతి వైద్యం

క్యాంపులో డాక్టరు లేకపోయినా మంత్రసాని ఉండేది. మంత్రసాని లేనిచోట ఒక అమ్మమ్మో, మేనత్తో ఉండేది. వారి చేతిలో ఉన్న విద్య గొప్ప పేర్లు గలది కాదు: ఒళ్ళు పట్టడం, నూనె రాయడం, కాపడం పెట్టడం. నువ్వుల నూనెనో ఆముదాన్నో గోరువెచ్చ చేసి, పిల్లను ఒక ప్రక్కకు పడుకోబెట్టి, వెన్నెముకకు ఇరుప్రక్కల అరచేతి మడమతో మెల్లగా ఒత్తేవారు. తరువాత ఉప్పునో ఇసుకనో వేయించి గుడ్డలో మూట కట్టి నడుము మీద కాపేవారు. త్రాగడానికి వాము కషాయమో శొంఠి కషాయమో ఇచ్చేవారు. ఈ దీవిలో పక్కింటి క్రియోల్ వారిని చూసి నేర్చుకొన్న ఆయాపానా ఆకు టిజాన్ కూడా కడుపునొప్పికి మన వంటిళ్ళలోకి వచ్చింది.

ఈ విద్యకు వెనుక పాత వేరు ఉన్నది. చరక సంహితలో స్త్రీ వ్యాధులు చెప్పిన చోట 'ఉదావర్తిని' అనే పేరుతో బాధతో కూడిన ముట్టును వర్ణించారు; వాతం పైకి తిరగడం వలన నొప్పి కలుగుతుందనీ, రక్తం వెడలగానే హాయి కలుగుతుందనీ అన్నారు. దానికి చెప్పిన చికిత్సలో మొదటివి స్నేహనం, స్వేదనం, అంటే నూనె పట్టించడం, వేడి ఇవ్వడం. మన మంత్రసానులు చరకుని చదవలేదు, చాలామందికి సంతకమే రాదు. అయినా నూనె, వేడి అనే ఆ రెండింటినే వారూ నమ్ముకొన్నారు. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి, మినప సున్నుండలు పెట్టి 'నడుము గట్టిపడుతుంది' అనడంలో కూడా ఆ నడుము మీద ఉన్న చింతే కనిపిస్తుంది.

ఇందులో వదలవలసినవి లేకపోలేదు. పిల్లవాని చేత నడుము తొక్కించుకోవడం, మోకాలు పెట్టి వెన్ను విరవడం, పొత్తికడుపును గట్టిగా పిసకడం, 'పేగు జారింది' అని నాభి లాగడం మొదలైనవి మేలు కన్న కీడు చేయవచ్చును.

పడమటి దేశాలలో చేతి వైద్యం

చేతితో ఒత్తి నొప్పి తీయడం మనవారికే పరిమితమైన విద్య కాదు. స్వీడన్‌లో 1813లో పెర్ హెన్రిక్ లింగ్ అనే ఆయన స్టాక్‌హోమ్ నగరంలో వ్యాయామ విద్యాలయం స్థాపించి, కసరత్తును, మర్దనను ఒక శాస్త్రంగా నేర్పడం ప్రారంభించాడు. లండన్‌లో 1894లో, మర్దన పేరిట జరుగుతున్న అక్రమాలను గురించి వైద్య పత్రిక గగ్గోలు పెట్టినప్పుడు, నలుగురు నర్సులు ముందుకు వచ్చి శిక్షణ పొందిన మర్దన స్త్రీల సంఘం ఒకటి పెట్టారు. ఈనాడు బ్రిటన్‌లో ఫిజియోథెరపీ వృత్తికి పెద్ద దిక్కుగా ఉన్న సంఘానికి మూలం అదే. జర్మనీలో 1929లో ఎలిజబెత్ డికె అనే మర్దన చికిత్సకురాలు తన నడుము నొప్పిని తానే తడిమి చూసుకొంటూ, చర్మం క్రింది పొరలను లాగి ఒత్తే పద్ధతిని కనిపెట్టింది. తరువాత ఆ పద్ధతిని ఋతుశూలకు కూడా వాడారు.

చూడండి, ఇక్కడ మంత్రసాని, అక్కడ నర్సు. చేతిపని ఒకటే, పేరు వేరు. అక్కడివారికి సంఘం, పరీక్ష, సర్టిఫికెట్టు వచ్చాయి. మనవారికి 'అమ్మమ్మ చేతి గుణం' అనే మాట తప్ప మరేమీ రాలేదు.

నొప్పి ఎందుకు వస్తుంది?

పిల్లలు అడిగితే చెప్పడానికి పెద్దలకు ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం. 1957లో ఇంగ్లండులో పికిల్స్ అనే శాస్త్రజ్ఞుడు ముట్టు రక్తంలో కండరాన్ని ముడుచుకొనేటట్లు చేసే పదార్థం ఉన్నదని చూపించాడు. అవి ప్రోస్టాగ్లాండిన్లు అని తరువాత తేలింది. గర్భాశయపు లోపలి పొర ఊడేటప్పుడు ఇవి పుట్టి, గర్భాశయాన్ని గట్టిగా పిండుతాయి. ఆ పిండుడులో రక్తం సరిగా అందక నొప్పి పుడుతుంది. 1971లో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు ఆస్పిరిన్ వంటి మందులు ఈ పదార్థాల పుట్టుకను ఆపుతాయని కనిపెట్టాడు; 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఐబుప్రొఫెన్ వంటి మాత్ర నెలనొప్పికి పనిచేయడానికి కారణం ఇదే.

మరి నొప్పి గర్భాశయంలో అయితే నడుము ఎందుకు లాగుతుంది? గర్భాశయం నుంచి నొప్పి కబురు మోసే నరాలూ, నడుము, తొడల నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోట చేరతాయి. కబురు ఏ ఇంటి నుంచి వచ్చిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. అందువలన నడుములో ఏ దెబ్బా లేకపోయినా నడుము విరిగినట్లు ఉంటుంది. ఆ నొప్పికి బిగుసుకొన్న నడుము కండరాలు తమ వంతు నొప్పి కలుపుతాయి. రోజంతా వంగి కలుపు తీసిన నడుముకు ఇది రెట్టింపు బాధ. 1970లో ఎగుమతి మండల చట్టం వచ్చిన తరువాత బట్టల ఫ్యాక్టరీలలో చేరి, పొద్దస్తమానం కుట్టు మిషను ముందు కూర్చున్న మన పల్లె పిల్లల నడుముకూ అంతే.

చేయి ఎంత చేయగలదు?

అమ్మమ్మ చేతిలో గుణం నిజమేనా? కొంత నిజమే. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, స్పర్శ కబురు తీసుకువచ్చే నరాలు వెన్నుపాములో నొప్పి కబురుకు తలుపు కొంత మూస్తాయని ఒక సిద్ధాంతం చెప్పారు. దెబ్బ తగిలిన చోట మనం వెంటనే రుద్దుకోవడంలో ఉన్న మర్మం అది. మర్దనతో నెలనొప్పి తగ్గుతుందని చూపిన పరిశోధనలు ఉన్నాయి, కాని అవి చాలావరకు చిన్నవి. వేడి సంగతి ఇంకా గట్టిది: 2001లో అచ్చయిన ఒక పరీక్షలో పొత్తికడుపు మీద నిలకడగా ఉంచిన వేడి పట్టీ ఐబుప్రొఫెన్ మాత్రతో సమానంగా పనిచేసింది. మన కాపడపు మూటకు ఇంతకన్న మంచి సాక్ష్యం ఏమి కావాలి? వ్యాయామం మీద 2019లో వచ్చిన పెద్ద సమీక్షలో, వారానికి మూడు సార్లు ముప్పావు గంట నుంచి గంట దాకా చేసేవారికి నొప్పి తగ్గే అవకాశం ఉన్నదని తేలింది.

అయితే వెన్నుపూసలను టక్కున విరిచే పద్ధతి సంగతి వేరు. 1999లో అచ్చయిన అమెరికా పరీక్షలో 138 మంది స్త్రీలను రెండు భాగాలు చేసి, ఒకరికి నిజమైన విరుపు, మరొకరికి ఉత్తుత్తి ఒత్తుడు చేశారు. ఇద్దరికీ తేడా కనిపించలేదు. కనుక నెలనొప్పికి వెన్ను విరిపించుకోవడానికి డబ్బు పోయనక్కరలేదు.

చేయవలసినది సులభమే. పిల్లను ప్రక్కకు తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి పడుకోబెట్టాలి. వెచ్చని నూనెతో, ఎముక మీద కాకుండా ఎముకకు ఇరువైపులా, నడుము నుంచి పిరుదుల పైభాగం దాకా అరచేతితో పది పదిహేను నిముషాలు మెల్లగా ఒత్తాలి. నొప్పి పెరిగితే ఆపాలి. అన్నింటికన్న ముందు ఆ పిల్లను అడగాలి. వద్దంటే వద్దు. తరువాత వేడినీళ్ళ సంచి. ఆ తరువాత మెల్లగా నడక. మాత్ర వేసుకోవలసి వస్తే, కడుపులో పుండు, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి వేసుకోవాలి.

చేయి ఆగవలసిన చోటు కూడా తెలియాలి. నొప్పి ఏటికేడు పెరుగుతున్నా, మాత్రకు లొంగకపోయినా, ముట్టు లేని రోజులలో కూడా వస్తున్నా, రక్తస్రావం విపరీతంగా ఉన్నా, విరేచనానికి పోయినప్పుడు నొప్పి వేసినా, జ్వరం ఉన్నా అది అమ్మమ్మ చేతితో తీరేది కాదు. ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు పిల్లలు కనే వయస్సులో ఉన్న స్త్రీలలో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 'ఆడపుట్టుక పుట్టిన తరువాత ఓర్చుకోవాలి' అనే మాట వలన ఆ జబ్బు ఏళ్ళ తరబడి బయటపడదు. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవడానికి ఖర్చు లేదు. అడ్డం వచ్చేది సిగ్గు ఒక్కటే.

మన వంతు

1977లో ఈ దేశంలో సెకండరీ విద్య ఉచితమయింది. అప్పటిదాకా చెరకు తోటకో, ఇంటిపనికో పోయే మన ఆడపిల్లలు వేల సంఖ్యలో బడులకు వచ్చారు. వారి అమ్మమ్మలకు 'డబుల్ కట్' ఉండేది. వీరికి హాజరు పట్టీ ఉన్నది. నెలకు ఒకటి రెండు రోజులు బడి మానిన పిల్లను 'బద్ధకం' అనే ఉపాధ్యాయులు ఉన్నారు. మేమూ ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాళ్ళమే గనుక ఈ మాట నిస్సంకోచంగా వ్రాస్తున్నాము. జపాను దేశం 1947లోనే, ఇండోనేషియా 1948లోనే పనిచేసే స్త్రీలకు బహిష్టు సెలవును చట్టంలో వ్రాసుకొన్నాయి. 2023లో స్పెయిన్ ఆ దారి పట్టింది. అటువంటి చట్టం మంచిదా కాదా అనే చర్చ ఉండవచ్చును. కాని నొప్పిని నొప్పి అని ఒప్పుకోవడానికి చట్టం అక్కరలేదు.

మరొక మాట. సాయంకాలపు తరగతులలో మనకు తెలుగు నేర్పిన పెద్దలు పద్యాలు నేర్పారు, భజనలు నేర్పారు, పండుగల పేర్లు నేర్పారు. వారి ఋణం తీర్చుకోలేము. కాని నెలసరి, బహిష్టు, ఋతుశూల అనే మాటలు ఆ బల్లల మీద ఎన్నడూ వినిపించలేదు. ఆ మాటలు తెలియని పిల్ల తన నాయనమ్మతో తెలుగులో ఏమని చెప్పుకొంటుంది? క్రియోల్‌లో తల్లితో ఒక ముక్క చెప్పి ఊరుకొంటుంది, లేదా మౌనంగా ఉంటుంది. ఆ మౌనం ఓడలో వచ్చినదే, తోటలో పెరిగినదే. మన తెలుగు తరగతులలో పెద్ద ఆడపిల్లలకు, ఒక స్త్రీ చేత, ఈ మాటలు చెప్పించడం మొదలు పెట్టవచ్చును.

ఇళ్ళలో ఇంకా కొందరు పెద్దావిడలు మిగిలి ఉన్నారు. వారి అత్తలు, మంత్రసానులు నడుము ఎలా పట్టేవారో, ఏ నూనె వాడేవారో, నొప్పి ఉన్న రోజున ఎవరి బదులు ఎవరు తోటకు పోయేవారో వారికి తెలుసు. వారు వెళ్ళిపోతే ఆ సంగతులు ఏ రిజిస్టరులోనూ దొరకవు. ఈ ఉగాదికి ఇంటికి వచ్చిన మనుమరాళ్ళను వారి దగ్గర కూర్చోబెట్టి అడిగించండి. చెప్పినది వ్రాసి పెట్టండి. ఆ రాత్రి ఏ పిల్లకైనా నడుము నొప్పి వస్తే, కొంచెం నూనె వెచ్చ చేసి ఆమె ప్రక్కన కూర్చోండి.